నెలచందా సంఘములు

ఒక యూరివారు కొందరు కూడి, నెలకింతయని గాని యేటికింతయని గాని తమలో తాము నిర్ణయించుకొని, అట్లు పోగైన సొమ్మును తమ యూరియందలి గ్రంథాలయమునకో, శరణాలయమునకో, పాఠశాలకో నిత్యవ్యయముల నిమిత్తము సమర్పించు స్వచ్ఛంద కూటములను నెలచందా సంఘములందురు. కట్టడము కట్టించుట, బీరువాలు కొనియిచ్చుట మొదలగు నొక్కసారి చేయు దానములు వీని పరిధిలోనికి రావు. ఇంటి అద్దె, దీపపు చమురు, పనివాని జీతము, తపాలా ఖర్చు, లెక్కలు వ్రాయువాని ప్రతిఫలము, అనగా సంస్థ ప్రాణముతో నుండుటకు ప్రతిమాసమును కావలసిన వ్యయములే వీని విషయము. పూర్వపు విశాఖపట్టణ మండలమునందును, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాయందును చేరిన నర్సీపట్నము వంటి చిన్నపట్టణములలో సేవాసంస్థల తలుపులు తెఱచియుండుటయు మూతపడుటయు ఈ రెండవ విధమగు ధనము మీదనే యాధారపడియున్నవి.

ఈ యాచారమునకు మూలమును మన దేవాలయ శాసనములలో వెదకవలసియుండును. సింహాచలము, ద్రాక్షారామము మొదలగు క్షేత్రములందలి శాసనములలో పెక్కింటి విషయము గోపుర నిర్మాణము కాదు, అఖండ దీపము. దీపపు సెమ్మె నిచ్చినంతమాత్రమున దీపము వెలుగదనియు, దానికి ప్రతిదినమును నేయి కావలెననియు నెఱిగిన దాతలు, ఆ నేతికై గోవులనో గొఱ్ఱెలనో సమర్పించి, వానిని మేపి నేయి కొలుచు బాధ్యతను ఫలానివారు వహింతురని ఱాతిమీద చెక్కించిరి. ధూపదీప నైవేద్యములకై మాన్యములు విడుచుటయు నిట్టి దూరదృష్టియే. అయితే వీనిలో నెక్కువ భాగము రాజులును, రాణులును, సంపన్నులును ఒంటరిగా చేసిన దానములు. పలువురు కలిసి కొంచెము కొంచెముగా నిచ్చు పద్ధతి వర్తకులలో కనబడును. సరకు బస్తాకింతయని ధర్మము క్రింద తీసిపెట్టి, మగమ యనబడు ఆ సొమ్ముతో సత్రములను, చలివేంద్రములను, వేదపాఠశాలలను నడుపుట తెలుగునాట వర్తక సమాజములకు చిరకాలపు మర్యాద. తీసిపెట్టినది తనది కాదను భావము వర్తకునికి పుస్తకములోనే యేర్పడుట యిందలి గొప్ప గుణము.

ధనము లేని గృహములకు సైతము ఈ ధర్మములో పాలు కల్పించినది పిడికెడు బియ్యపు పద్ధతి. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు గృహిణి ఒక పిడికెడు తీసి, వంటింటి మూలనున్న వేఱొక కుండలో వేయును. వారమునకొకసారి కుఱ్ఱవాండ్రిద్దరు సంచి పట్టుకొని వీధి వీధికిని తిరిగి, ఆ కుండలోని బియ్యమును మానికతో కొలిచి, ఇంటిపేరునకెదురుగా పుస్తకములో వ్రాసికొనిపోవుదురు. విద్యార్థుల వసతిగృహమైనచో ఆ బియ్యము వండబడును. పఠన మందిరమైనచో అంగడిలో విక్రయింపబడి చమురుగాను, పత్రికా చందాగాను మాఱును. స్వదేశీ, జాతీయోద్యమముల కాలమున నీ పద్ధతి విశేషముగా వ్యాపించెను. ఇందలి రహస్యము బియ్యపు పరిమాణములో లేదు. ఇచ్చు స్త్రీ ప్రతిదినమును ఆ సంస్థను ఒకసారి తలచుకొనుచున్నది. ఒక వారము కుఱ్ఱవాండ్రు రాకున్నచో ఏమైనదని అడుగుచున్నది. ఆ యడుగుటయే సంస్థకు నిజమైన పర్యవేక్షణము.

ఆంధ్రదేశమున ఈ పద్ధతి సంపూర్ణ వికాసము పొందినది గ్రంథాలయోద్యమమునందు. 1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయమను గ్రంథాలయమును స్థాపించినది జమీందారుడు కాదు, ఒక ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుడు. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయ మేర్పడగా, 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆ గ్రంథాలయ ప్రాంగణముననే చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి యధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఈ యుద్యమమునకు ప్రాణమైన అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రామ గ్రామమునకును తిరిగి ప్రబోధించినది పుస్తక సంచయమును గూర్చి మాత్రమే కాదు; దానిని నడుపు సంఘమును గూర్చి కూడ. నాటి గ్రామ గ్రంథాలయమునకు సభ్యుల చందా యాధారము. పెండ్లిండ్లలోను, పండుగలలోను కట్నముగా వచ్చు రూపాయ యుపాధారము. 1918లో వేటపాలెమున యువజనులు ప్రారంభించిన గ్రంథాలయము సారస్వత నికేతనముగా పెరిగి, 1929లో గాంధీమహాత్ముని హస్తముతో నూతన భవనమునకు శంకుస్థాపనము పొందినది. అట్టి భవనములకు దాతలు ముందుకు వచ్చిరి, శిలాఫలకములమీద వారి పేర్లు నేటికిని చదువవచ్చును. కాని సాయంకాలము దీపము వెలిగించి, చిరిగిన పుటలనంటించి, ఎరవు తీసికొన్న పుస్తకమును తిరిగి యీయని వానియింటికి నడచిపోవు గ్రంథపాలకుని పేరు ఏ ఫలకము మీదను లేదు. అతని జీతపు ఋణము నెలచందా చెల్లించినవారు తీర్చిరి గనుక, వారినే ఆ సంస్థలకు నిజమైన స్థాపకులుగా గణించుట న్యాయము.

ఇచ్చట స్వచ్ఛందతను గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. 1921లో బెజవాడయందు సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించినపుడు జనులు తామై యిచ్చిరి. యుద్ధకాలములందు రెవిన్యూ యుద్యోగులు వసూలు చేసిన నిధులకు జనులు వెఱచి యిచ్చిరి. నర్సీపట్నము ప్రాంతమున ఈ భేదము మఱింత తీక్ష్ణముగా తెలియును. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున దాని పొరుగు కొండప్రాంతమున చెలరేగిన మన్యపు తిరుగుబాటునకు గల కారణములలో, రహదారి పనులకు గిరిజనులను చాలీచాలని కూలితో నిర్బంధించుట యొకటి. అధికారపు బలముచేత రాబట్టిన శ్రమగాని ధనముగాని, ఎంత మంచిపనికి వినియోగింపబడినను, ఈ వ్యాసమున చెప్పబడు దానము కాదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము గ్రంథాలయముల భారమును కొంత తలదాల్చెను. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టమును ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును వసూలు చేయుటకు వీలు కల్పించినవి. ఇది గొప్ప మేలు. గ్రంథపాలకునికి జీతము స్థిరపడెను. కాని స్థానిక సంస్థలు వసూలైన సుంకమును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేయకుండుట నిత్యసమస్యగా పరిణమించినది. పన్ను కట్టినవానికి తన సొమ్ము గ్రంథాలయమునకు చేరినదో లేదో తెలియదు. చందా యిచ్చినవానికి తెలిసియుండెను. సుంకము వచ్చినను చందాను మానకుండినచో మేలై యుండెడిదని నా యభిప్రాయము.

ప్రభుత్వపు నీడ సోకని రంగములలో పాతపద్ధతి నిలిచినది. విశాఖపట్టణమున 1930లో పుట్టిన ప్రేమసమాజము అనాథ బాలలకును వృద్ధులకును ఆశ్రయమిచ్చుచు ప్రజల విరాళములతో నడచుచున్నది. పుట్టినదినమునకో, పెద్దల తిథికో ఒకపూట భోజనమునకయ్యెడి వ్యయమును గృహస్థులు భరించు ఏర్పాటు ఇట్టి శరణాలయములలో సర్వసాధారణమైనది. ఇది నెలచందాకు సోదరి, నిత్యవ్యయమును మూడువందల యఱువదియైదు భాగములుగా పంచిపెట్టు నేర్పు. నర్సీపట్నమునకు ఆగ్నేయముగా సముద్రతీరపు దిక్కున నున్న దిమిలి గ్రామమున, అమెరికాలో శాస్త్రపరిశోధన ముగించుకొని 1967లో స్వగ్రామమునకు వచ్చిన భాగవతుల వెంకట పరమేశ్వరరావు గారు ఉన్నత పాఠశాలకై గ్రామస్థుల చందాలను, శ్రమదానమును సమకూర్చి, 1976లో భాగవతుల ఛారిటబుల్ ట్రస్టును స్థాపించిరి. ఊరివారిని సాయము పొందువారిగా గాక పెట్టుబడి పెట్టువారిగా చూచుట ఆ యత్నమునందలి విశేషము.

1990 తరువాత స్త్రీల పొదుపు సంఘములు ఈ చరిత్రలో నూతన ప్రకరణమును తెఱచినవి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకొన్న సారా వ్యతిరేకోద్యమము అనంతరము, రోజునకొక రూపాయి దాచుకొను సంఘములు రాష్ట్రమంతటను వ్యాపించినవి. ఇవి దానసంఘములు కావు, పరస్పర ఋణసంఘములు. అయినను వడ్డీ మిగులునుండి లెక్కలు వ్రాయువారికి ప్రతిఫలమును, సమావేశపు ఖర్చులను తామే భరించుటను నేర్చినవి. కూర్చుండు చాపనుండి పుస్తకపు వెలవఱకు సంఘము తన సొమ్ముతో కొనుట ఈ సంఘముల గ్రామసమాఖ్యలలో గౌరవకారణముగా పరిగణింపబడును.

ఇతర దేశములలో పలువురు కూడి దానము చేయు పద్ధతి గివింగ్ సర్కిల్ అను పేర 1990 దశకమున ప్రసిద్ధికెక్కినది. 1995లో సియాటిల్ నగరమున వాషింగ్టన్ విమెన్స్ ఫౌండేషను, 1997లో అచ్చటనే సోషల్ వెంచర్ పార్ట్‌నర్సు ఏర్పడినవి. రెండవ సంస్థకు 2012 నుండి భారతదేశమునను శాఖలు కలవు. అంతకు పూర్వమే, 1991లో, మేరీలాండు విశ్వవిద్యాలయమున కూచిమంచి రవి గారు ఆరంభించిన అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్ అను సంస్థ, పథకములకు మాత్రమే గాక గ్రామములందు పూర్తికాలము పనిచేయు కార్యకర్తల జీవికకును సాయము చేయు మార్గమును చేపట్టినది. పథకమునకు ధనమిచ్చి దానిని నడుపు మనిషికి తిండి పెట్టకపోవుట పెద్ద నిధులు తఱచుగా చేయు పొరపాటు గనుక, ఇది మెచ్చదగిన మార్గము.

చిన్నసంస్థలకు ఊరిచందా యొక్క యావశ్యకత ఇటీవల పెరిగినది. 2020 నాటి విదేశీ విరాళముల చట్ట సవరణ పాలనావ్యయపు పరిమితిని నూటికి 50 నుండి 20 పాళ్లకు తగ్గించుటయే గాక, విదేశీ విరాళము పొందిన పెద్దసంస్థ దానిని మఱియొక సంస్థకు బదలాయించుటను నిషేధించెను. నగరమునందలి సంస్థ ద్వారా పల్లెసంస్థకు చేరు కాలువ యిట్లు తెగిపోయినది. ఈ స్థితిలో నర్సీపట్నము ప్రత్యేక దృష్టికి పాత్రమగును. చింతపల్లి, గూడెంకొత్తవీధి ప్రాంతముల మన్యమునకిది ద్వారము. అచ్చటి రోగులు ఇచ్చటి ఏరియా ఆసుపత్రికిని, విద్యార్థులు ఇచ్చటి కళాశాలలకును దిగివత్తురు. 2022లో మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికిని, పట్టణము అనకాపల్లి జిల్లాలోనికిని విడిపోయినను ఆ రాకపోకలు మాఱలేదు. రోగి వెంటవచ్చిన వానికి ఒకపూట యన్నమును, గిరిజన విద్యార్థికి తలదాచుకొను గదియును కల్పింపవలెనన్నచో కావలసినది బియ్యము, అద్దె, వంటమనిషి జీతము. ఇవన్నియు నెలనెలా వచ్చు ఖర్చులే.

అట్టి సంఘము నిలుచుటకు చట్టమును, ఆచారమును కొన్ని నియమములను విధించుచున్నవి. ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము, 2001 క్రింద నమోదై, ప్రతి రూపాయికిని రశీదు ఇచ్చి, వార్షిక సమావేశమున జమాఖర్చులు చదివి వినిపింపవలెను. ఆదాయపు పన్ను మినహాయింపునకు అర్హమైన సంస్థకైనను రెండువేల రూపాయలకు మించిన నగదుదానమునకు ఆ మినహాయింపు వర్తింపదు. చరవాణి ద్వారా నెలనెలా సొమ్ము తనంతట తానే జమయగు ఏర్పాటు వచ్చిన పిదప బాకీలు తగ్గినవి. కాని వసూలుకై గడపగడపకు పోవు కార్యదర్శికిని, ఇచ్చువానికిని మధ్య జరుగు సంభాషణము కూడ తగ్గినది. అందుచేత కొన్ని సంఘములు సొమ్ము బ్యాంకు ద్వారా తీసికొన్నను, రశీదును మాత్రము మనిషి చేతనే ఇంటికి పంపుచున్నవి.