రాగి నాణెం రంగును ఎంతవరకు నమ్మవచ్చు?

1809 జనవరిలో ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని గుడ్విన్ ఇసుకదిబ్బల మీద ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ మునిగిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చెలామణి కోసం ఈస్టిండియా కంపెనీ సోహో టంకశాలలో కొట్టించిన 10, 20 కాసుల రాగి నాణేలు అందులో ఉన్నాయి. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాల్లో చేతులు మారవలసిన డబ్బది. 1980లలో వాటిని పెద్దఎత్తున వెలికితీశారు. టంకశాల ఒకటే, సంవత్సరం 1808. అయినా కొన్ని రాగి మెరుపుతో బయటపడ్డాయి, కొన్ని నల్లబడి గుంటలు పడ్డాయి. కాబట్టి రంగును వయసుకు కొలమానంగా తీసుకోలేం.

అమెరికాలో నాణేలకు శ్రేణి నిర్ణయించే సంస్థలు రాగి నాణేలను ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడుగా విడదీస్తాయి. అచ్చు వేసిననాటి రంగు దాదాపు 95 శాతం నిలిస్తే ఎరుపు, 5 శాతం లోపే మిగిలితే గోధుమ. తొలినాటి రంగు ఎంత మిగిలిందో ఈ పేర్లు చెబుతాయి, పోయినది ఎందుకు పోయిందో చెప్పవు. గోధుమ రంగుకు సాధారణంగా క్యుప్రస్ ఆక్సైడ్ కారణం. నలుపు దగ్గర మాత్రం తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. అది క్యుప్రిక్ ఆక్సైడ్ కావచ్చు, లేదా ప్రాణవాయువు అందని సముద్రపు బురదలో బ్యాక్టీరియా వల్ల ఏర్పడిన సల్ఫైడ్ కావచ్చు. కంటిచూపుతో ఈ రెంటినీ వేరుచేయడం కష్టం, ఎక్స్‌రే వివర్తన పరీక్ష కావాలి.

అన్నిటికన్నా చిక్కు పచ్చరంగుతోనే. మనం చిలుము అని ఒకే మాటతో తోసేసేదానిలో కనీసం మూడు రకాలున్నాయి. నున్నగా, గట్టిగా అంటుకున్న కార్బనేట్ పొర చాలావరకు నిలకడైనది. దాన్ని గీకితే నష్టమే. పీవీసీ సంచుల్లో దాచిన నాణేల మీద జిగురుగా కనిపించే పచ్చదనానికి మూలం ఆ ప్లాస్టిక్కే. మూడోది క్లోరైడ్ చిలుము: లేత పచ్చని పొడిలా, చుక్కలుగా పైకి లేస్తుంది. లోపలి క్యుప్రస్ క్లోరైడ్‌కు తేమ, ప్రాణవాయువు తగిలితే ఆమ్లం పుడుతుంది, అది మళ్లీ రాగిని తింటుంది. తుడిచాక కూడా పొడి తిరిగి వస్తే క్లోరైడ్‌ను గట్టిగా అనుమానించాలి, అయితే అది రుజువు కాదు. గాలిలో తేమ సుమారు 42 శాతం దాటకుండా చూడమని సంరక్షకులు చెబుతారు. కాకినాడలోనో విశాఖలోనో మామూలు బీరువాలో అది దాదాపు అసాధ్యం. అందుకే సముద్రం నుంచి వచ్చిన నాణేన్ని అక్కడ సిలికా జెల్ వేసిన, గాలి చొరని డబ్బాలో ఉంచడం మంచిది.

ఇక చింతపండు. అందులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, అడుగున గులాబీ ఛాయ రాగి బయటపడుతుంది. బిందెకు అది మేలే. నాణేనికి మాత్రం తీరని నష్టం. అచ్చు దెబ్బకు లోహం పారిన సన్నని గీతలే అసలు మెరుపునిస్తాయి. నాణేన్ని వాల్చి తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది వాటివల్లే. తోమితే ఆ గీతలు చెదిరిపోతాయి. అందుకే ఎరుపు ఒక్కటే చూసి నాణెం చెక్కుచెదరలేదని రాయలేం. మెరుపు తిరుగుతోందా అన్నదీ చూడాలి.

నమోదు పుస్తకంలో ‘పచ్చగా ఉంది’ అని వదిలేయకుండా, మచ్చ ఎక్కడుంది, పొడా పొరా, నాణెం దేనిలో ఉంచారు, ఏ తేదీన చూశారు అని రాస్తే తర్వాత పరీక్షించేవారికి ఆధారం దొరుకుతుంది. తేదీ మరీ ముఖ్యం: శ్రేణి చీటీ అతికించిన తర్వాత కూడా రాగి మారుతూనే ఉంటుంది.