ఒకరికి మార్కులు, ఒకరికి బెత్తం

"పిన్నీ, నీ చిన్నప్పుడు నువ్వేం చేసేదానివి?" అని మా అక్కయ్య కొడుకు అడిగాడు, డల్లాసు దగ్గర వాళ్ళింట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని. నేను పొంగిపోయాను. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లవాడు పిన్ని చిన్నతనం గురించి అడగడమే! చెంగు దోపుకుని కథ మొదలుపెట్టబోతుంటే, వాడు పెన్సిలు తీసి, "మూడు వాక్యాలు చాలు పిన్నీ, స్పానిష్ హోంవర్క్" అన్నాడు.

ఆ మూడు వాక్యాల సంగతి చివర్లో చెబుతాను.

రెండేళ్ళ కిందట నేను వెళ్ళినప్పుడు వాడికి ఆ భాష కొత్త. ఉనో, దోస్, త్రెస్ అని లెక్కపెడుతూ మెట్లు దిగేవాడు. "యో సోయ్, తూ ఎరెస్, ఎల్ ఎస్" అని వల్లె వేస్తుంటే, మా తాతయ్యగారి అరుగు మీద రామః రామౌ రామాః వింటున్నట్టే ఉండేది. నేను, నువ్వు, అతను... ఒక్కొక్కరికి క్రియ ఒక్కో వేషం వేస్తుంది. అమెరికా పిల్లలకు అది పెద్ద బాధట. మనకేం బాధ? వస్తాను, వస్తావు, వస్తాడు అని పుట్టినప్పట్నుంచీ అంటూనే ఉన్నాం గదా!

నిజం చెప్పొద్దూ, తెలుగు చెవి ఉన్నవాళ్ళకు స్పానిష్ మరీ అంత పరాయిగా తోచదు. ఇంగ్లీషువాడికి తాతగారైనా తమ్ముడైనా 'యూ' ఒక్కటే. స్పానిష్‌లో 'తూ', 'ఉస్తేద్' అని రెండున్నాయి. మన నువ్వూ మీరూ అన్నమాట. 'ఆయన డాక్టరు' అన్నప్పుడు మనకు క్రియే అక్కర్లేదు. 'ఆయన ఇంట్లో ఉన్నారు' అన్నప్పుడు మాత్రం 'ఉన్నారు' కావాలి. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే 'ఈజ్'. స్పానిష్‌వాళ్ళు మనలాగే ఈ రెంటినీ వేరు చేస్తారు, రెండు వేర్వేరు క్రియలు పెట్టి. 'పెరో' అంటే కానీ అని అర్థం. నాలుక అదిరేట్టు 'పెఱ్ఱో' అంటే కుక్క. మనం బడిలోంచి పంపించేసిన బండి ఱ అక్కడ ఇంకా ఉద్యోగం చేస్తోందన్నమాట. మా వాడి తరగతిలో సగంమంది ఏడాదిపాటు "మా ఇంట్లో ఒక కానీ ఉంది" అనే చెప్పుకొచ్చారట.

ఇప్పుడు వాడు రెండో మెట్టు మీద ఉన్నాడు. అక్కడ భూతకాలాలు రెండు. ఒక్కసారి జరిగి అయిపోయినదానికి ఒక రూపం, అలవాటుగా జరుగుతూ వచ్చినదానికి ఇంకో రూపం. టీచర్లు వారాల తరబడి చెబుతారట ఈ పాఠం. "వెళ్ళాను, వెళ్ళేదాన్ని... అంతేగా?" అన్నాను నేను వంకాయలు తరుగుతూ. వాడు నావంక చూసిన చూపు నేనిప్పట్లో మరిచిపోను. వచ్చే ఏడు కోరికలకూ సందేహాలకూ వేరే రూపాలు వస్తాయట. అవి దాటితే మాట్లాడుకోగలిగినంత భాష వచ్చినట్టే.

అసలు అమెరికా బళ్ళలోకి స్పానిష్ ఎలా వచ్చింది? పక్కనే మెక్సికో ఉంది కనక, అనుకున్నాను. అక్కయ్యా బావగారూ ఆఫీసులకు పోయాక నాకు పనేముంది గనక! ఆ ఊరి లైబ్రరీలో కూర్చున్నాను. తీరా చూస్తే, పొరుగుదనం కంటే యుద్ధం చేసిన పనే ఎక్కువ.

పెద్దమనుషులు ఆ భాషను మెచ్చుకోవడం పాత సంగతే. జెఫర్సన్ 1787లోనే తన మేనల్లుడికి స్పానిష్ నేర్చుకోమని ఉత్తరం రాశాడు. కానీ బళ్ళలో రాజ్యం జర్మన్‌ది. 1915లో అక్కడి హైస్కూలు పిల్లల్లో నూటికి 24 మంది జర్మన్ చదివేవారు. స్పానిష్ చదివేవాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. దాంతో జర్మన్ శత్రుభాష అయిపోయింది. 1922 వచ్చేసరికి జర్మన్ చదివేవాళ్ళు నూటికి ఒక్కరికన్నా తక్కువ. స్పానిష్ చదివేవాళ్ళు 11 మంది పైచిలుకు!

ఆ జ్వరం ఎంతదాకా పోయిందంటే, నెబ్రాస్కా రాష్ట్రంలో 1919లో ఒక చట్టం చేశారు. ఎనిమిదో తరగతి గట్టెక్కని పిల్లలకు పరాయి భాష నేర్పితే నేరం. రాబర్ట్ మేయర్ అనే బడిపంతులు 1920లో ఒక పదేళ్ళ కుర్రాడిచేత జర్మన్‌లో బైబిలు కథ చదివిస్తూ పట్టుబడ్డాడు. పాతిక డాలర్ల జరిమానా వేశారు. ఆయన కట్టనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 1923లో ఆయనే గెలిచాడు. పాతిక డాలర్లు పారేసి ఊరుకుంటే మనకు పేరు కూడా తెలిసేది కాదు.

ఆ 1917లోనే స్పానిష్ టీచర్లంతా ఒక సంఘం పెట్టుకున్నారు. న్యూయార్కు హైస్కూళ్ళలో భాషల బోధన చూసే లారెన్స్ విల్కిన్స్ దానికి తొలి అధ్యక్షుడు. వాళ్ళ పత్రిక 'హిస్పానియా'. దాని మొదటి సంపాదకుడు అవ్రేలియో ఎస్పినోసా. ఈయన సంగతి చదివితే నాకు ముచ్చటేసింది. అమెరికాలోనే కొలరాడోలో స్పానిష్ మాట్లాడే ఇంట పుట్టాడు. న్యూ మెక్సికో పల్లెజనం మాట్లాడే స్పానిష్ మీద పరిశోధన చేసి, స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. ఆ రోజుల్లో టీచర్ల మధ్య పెద్ద వాదం, బడిలో ఏ స్పానిష్ చెప్పాలని. స్పెయిన్ దేశపు కాస్టీల్ ప్రాంతం ఉచ్చారణే శిష్టం అనేవాళ్ళు చాలామంది. ఇవతల మెక్సికోవాళ్ళు కోట్లమంది మాట్లాడుతుంటే, పిల్లలకు సముద్రం అవతలి పలుకుబడి! గ్రాంథికం, వ్యావహారికం అని తన్నుకున్నవాళ్ళం, మనకు కొత్తేముంది?

ఇంతవరకూ కథ బాగానే ఉంది. స్పానిష్‌కు మంచిరోజులొచ్చాయి, పిల్లలు నేర్చుకుంటున్నారు, టీచర్లకు ఉద్యోగాలు దొరికాయి. నేను పుస్తకం మూసేసి వచ్చేసేదాన్నే. మా వాడి స్నేహితుడి నాయనమ్మ ఆ సాయంత్రం రాకపోయి ఉంటే.

ఆ పిల్లవాడిది మెక్సికన్ కుటుంబం. మా వాడి పక్కసీటు. ఇద్దరూ కలిసి హోంవర్క్ చేసుకుంటారు. తమాషా ఏమిటంటే, స్పానిష్‌లో మా వాడికి 98 మార్కులు, ఆ పిల్లవాడికి 71. "అదేమిట్రా, వాళ్ళింటి భాషే గదా!" అన్నాను. "వాడికి రాదు పిన్నీ" అన్నాడు మా వాడు. మనవణ్ణి తీసుకెళ్ళడానికొచ్చిన నాయనమ్మకు నేను కాఫీ ఇచ్చాను. మన ఫిల్టరు కాఫీ ఆవిడకు నచ్చింది. నా ఇంగ్లీషూ ఆవిడ ఇంగ్లీషూ ఎలాగో కలిశాయి. డెబ్భై దాటిన మనిషి. పశ్చిమ టెక్సాస్‌లో చిన్న ఊళ్ళో పెరిగిందిట. ఆటస్థలంలో నోరుజారి ఒక్క స్పానిష్ మాట అంటే బల్లచెక్కతో కొట్టేవారట. "అందుకే నా పిల్లలకు నేను నేర్పలేదు. వాళ్ళకు దెబ్బలు తప్పాలనుకున్నాను" అంది. అంతే. ఇంకేం అనలేదు. నేను ఇంకో కప్పు పోశాను.

మర్నాడు మళ్ళీ లైబ్రరీకి పోయాను.

టెక్సాస్‌లో ఆ చట్టం 1918లో వచ్చింది. బళ్ళలో పాఠం ఇంగ్లీషులో తప్ప ఇంకో భాషలో చెబితే టీచరు మీద నేరం. అదే చట్టంలో ఒక మినహాయింపు కూడా పెట్టారు. హైస్కూల్లో స్పానిష్‌ను పరాయి భాషగా, ఒక సబ్జెక్టుగా చెప్పుకోవచ్చు! అంటే తెల్లవారి అబ్బాయి కష్టపడి 'యో అబ్లో' అంటే మార్కులు. మెక్సికో అమ్మాయి మామూలుగా అంటే బెత్తం. 1848లో మెక్సికోతో యుద్ధం ముగిసి సరిహద్దు దక్షిణానికి జరిగినప్పుడు ఎక్కడివాళ్ళక్కడే ఉండి అమెరికావాళ్ళైపోయిన జనం చాలామంది ఉన్నారక్కడ. వాళ్ళు ఎక్కడికీ వలస రాలేదు. దేశమే వాళ్ళమీదికి వలసొచ్చింది.

పశ్చిమ టెక్సాస్‌లో మార్ఫా అని ఒక ఊరు. అక్కడ మెక్సికన్ పిల్లల కోసం వేరే బడి, బ్లాక్‌వెల్ స్కూలు, 1909లో కట్టిన మట్టి ఇటుకల బడి. 1954లో అక్కడ ఒక అంత్యక్రియ జరిపించారు. మనిషికి కాదు, స్పానిష్‌కి. పిల్లలచేత చీటీలు రాయించి, పెట్టెలో వేసి, జెండాకర్ర దగ్గర గొయ్యి తీసి పూడ్పించారు. పిల్లలంతా చుట్టూ నిలబడి చూశారు. ఆట అనుకున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు, పాపం. ఆ మరుసటి సంవత్సరమే, 1955లో, అదే ఊరికి ఎలిజబెత్ టేలర్, జేమ్స్ డీన్ వచ్చారు 'జయంట్' సినిమా తీయడానికి. మెక్సికన్లకు జరిగే అవమానాల గురించి ఆ సినిమాలో గట్టిగానే చూపించారు. షూటింగు చూడటానికి ఊరంతా కదిలింది. జెండాకర్ర కింద పెట్టె మాత్రం అలాగే ఉంది.

ఆ బడి 1965లో మూతపడింది. పాత విద్యార్థులు ముసలివాళ్ళయ్యాక 2007లో మళ్ళీ కలుసుకుని, పూడ్చిన స్పానిష్‌ను పైకి తీసే తంతు ఒకటి జరుపుకున్నారు. 2022లో అమెరికా ప్రభుత్వం ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తిస్తూ చట్టం చేసింది. ఇప్పుడు జనం వెళ్ళి చూసొస్తున్నారు.

ఆ అంత్యక్రియ జరిగిన నాలుగేళ్ళకే స్పానిష్ మీద డబ్బు కుమ్మరించారని చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1957లో రష్యావాళ్ళు స్పుత్నిక్ ఎగరేశారు. ఖంగుతిన్న అమెరికా 1958లో రక్షణ పేరుతో విద్యాచట్టం ఒకటి చేసి, సైన్సుకూ లెక్కలకూ తోడు పరాయిభాషలకు కూడా నిధులిచ్చింది. బళ్ళలో భాషా లాబొరేటరీలు వెలిశాయి. పిల్లలు చెవులకు ఫోన్లు తగిలించుకుని, టేపురికార్డరు చెప్పిన వాక్యాన్నే చిలకల్లా తిరిగి చెప్పేవారు. వ్యాకరణం అడగకూడదు, అనుకరించాలి, అంతే. వాక్యాలు కంఠతా వచ్చేవి, బజారుకెళితే నోట మాట వచ్చేది కాదు. దానిమీద విసుగెత్తినవాళ్ళలో జేమ్స్ ఆషర్ ఒకడు. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. చంటిపిల్ల మాటలు రాకముందే 'ఇలా రా, బంతి తే' అంటే వింటుంది గదా, తరగతిలోనూ అలాగే మొదలుపెట్టండి, లేవమనండి, తలుపు దగ్గరికి వెళ్ళమనండి అన్నాడు. మన అమ్మలెవరినడిగినా చెప్పేవారు ఆ మాట! ఆ దారినే తర్వాత కాలిఫోర్నియాలో బ్లెయిన్ రే అనే స్పానిష్ టీచరు పిల్లలతో కలిసి పిచ్చిపిచ్చి కథలు అల్లుతూ భాష చెప్పడం మొదలుపెట్టాడు. మా వాడి టీచరుదీ కొంత ఆ బాణీయే. మొదటి ఏడంతా ఒక ఏనుగు చెప్పులు కొనుక్కోవడానికి తిరిగిన కథతోనే నడిచిందిట.

కానీ నాకు మనసుకు నచ్చింది మయామీలో కోరల్ వే అనే ప్రాథమిక పాఠశాల. క్యూబాలో విప్లవం వచ్చాక అక్కడినుంచి తరలివచ్చిన కుటుంబాలు ఆ ఊళ్ళో స్థిరపడ్డాయి. 1963లో ఆ బడిలో ఒక ప్రయోగం చేశారు. రోజులో కొంత చదువు స్పానిష్‌లో, కొంత ఇంగ్లీషులో. క్యూబా పిల్లలూ అమెరికా పిల్లలూ ఒకరి భాష ఒకరు నేర్చుకోవాలి. అక్కడ స్పానిష్ వచ్చిన పిల్ల తరగతికి ఆస్తి. ఇక్కడ టెక్సాస్‌లో అదే ఏడాది అదే పిల్ల దోషి.

1968 మార్చిలో లాస్ ఏంజెలస్‌లో మెక్సికన్ విద్యార్థులు వేలమంది బళ్ళు వదిలి వీధుల్లోకొచ్చారు. వాళ్ళడిగినవాటిలో రెండు భాషల చదువు ఒకటి. ఆ ఏడే రెండు భాషల చదువుకు కేంద్రచట్టం వచ్చింది. 1969లో టెక్సాస్ కూడా తన పాతచట్టాన్ని మార్చుకుంది. ఇప్పుడైతే రెండు భాషలు బాగా వచ్చిన పిల్లలకు హైస్కూలు సర్టిఫికెట్టు మీద ప్రత్యేకంగా ముద్ర వేసి ఇస్తున్నారు. 2011లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది ఆ పద్ధతి. 2014-15 లెక్కల్లో అమెరికా బళ్ళలో పరాయిభాష చదివే పిల్లలు కోటీ ఆరు లక్షలు, అందులో 74 లక్షలమంది స్పానిష్ తరగతుల్లోనే ఉన్నారు. ఇంట్లో స్పానిష్ విన్న పిల్లలకు వేరే తరగతులు ఉండాలనీ, వాళ్ళ నోట వచ్చేది తప్పుగా కొట్టెయ్యకూడదనీ గ్వాదలూపే వాల్దేస్ లాంటి పండితులు 1970ల నుంచీ చెబుతూ వచ్చారు. అలాంటి తరగతులు కొన్నిచోట్ల ఉన్నాయి. కానీ ఇంట్లో వినను కూడా వినని మనవలను ఏ తరగతిలో కూర్చోబెట్టాలి? ఆ 71 మార్కుల పిల్లవాడు ఉనో, దోస్ దగ్గర్నుంచీ మా వాడితో పాటే మొదలెట్టాడు. నాయనమ్మ భాషకు వాడూ పరాయివాడే.

మా వాడు మాత్రం? వాడికి స్పానిష్‌లో 98. నాతో మాట్లాడేటప్పుడు తెలుగులో నాలుగు ముక్కలు, మిగతాదంతా ఇంగ్లీషు. ఆ విషయం అక్కయ్యతో అనలేదు. అనే అర్హత నాకూ లేదు మరి.

సరే, హోంవర్కు సంగతి. అలవాటు భూతకాలంలో మూడు వాక్యాలు కావాలి, ఇంట్లో పెద్దవాళ్ళ చిన్నతనం మీద. స్పానిష్‌లో పిన్నిని 'తీయా' అంటారు. వాడు నన్ను ఆ పేరుతో పిలిస్తే తీయతీయగానే ఉంటుంది. మొదటి వాక్యం, "మా పిన్ని మామిడిచెట్టు ఎక్కేది." రెండోది, "మా పిన్ని రాత్రిళ్ళు నవలలు చదివేది." మూడోదానికి ఆలోచిస్తే నాకు ఇంగ్లీషు మీడియం బడి గుర్తొచ్చింది. తెలుగు మాట నోట వస్తే క్లాసు లీడరు పేరు రాసుకునేది. మాటకు అర్ధరూపాయి. బడి గేటు దగ్గర ఉప్పూకారం వేసిన జామకాయ కోసం అమ్మ ఇచ్చిన అర్ధరూపాయి.

"బళ్ళో తెలుగు మాట్లాడి ఫైను కట్టాను, అని రాయరా" అన్నాను.

వాడు పెన్సిలు ఆపాడు. "ఒక్కసారేనా పిన్నీ, ఎప్పుడూనా? ఒక్కసారైతే 'పగో'. ఎప్పుడూ అయితే 'పగాబా'."

"పగాబా రాసుకో నాన్నా" అన్నాను.