హెరాల్డ్ బండి టక్కుమన్న కథ, మన వైపు కార్ల చరిత్ర

పోయిన నెల సమావేశం అయ్యాక కడంబత్తూరు స్టేషన్ దగ్గర నిలబెట్టిన తెల్ల కారు గురించి చాలామంది అడిగారు. అది ఎవరిది, ఏ కాలం నాటిది, ఎలా బాగుపడింది అని. నోటితో చెప్తే సగం మరిచిపోతాం కాబట్టి రాస్తున్నాం. కాస్త పొడుగు పోస్టే, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

బండి మన సభ్యుల్లో ఒకరి నాన్నగారిది. 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. ఆయన పోయాక చాలా ఏళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. అమ్మగారికి ఎనభై దాటాయి. ఒక్కసారి ఆ బండిలో అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి పోవాలని ఆమె కోరిక. భర్త ఉన్నన్నాళ్ళూ అలాగే పోయేవారట. ఇంజను ఎలాగో స్టార్టయింది. కానీ క్లచ్ వదిలితే చాలు వెనక నుంచి "టక్" అని ఒక దెబ్బ, అరవై కిలోమీటర్లు దాటితే సన్నటి ఊళ. పట్నంలో ఒక షెడ్డువాళ్ళు చూసి, డిఫరెన్షియల్ పోయింది, క్రౌన్ పినియన్ సెట్టు దొరకదు, దొరికినా ఖర్చు బండి విలువకు మించుతుంది, తూకానికి అమ్మేయండి అన్నారు. ఇంట్లోవాళ్ళు దాదాపు ఒప్పుకున్నారు కూడా. రెండు వారాలు గడువివ్వమని మేము అడ్డుపడ్డాం. మాలో ఇద్దరికి పానా పట్టడం వచ్చు, మిగతావాళ్ళకు సలహాలు చెప్పడం వచ్చు.

ముందు బండి సంగతి. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో మద్రాసులో పుట్టిన కంపెనీ. యూనియన్ కంపెనీ అనే ఇక్కడి సంస్థ, ఇంగ్లండులోని స్టాండర్డ్ కంపెనీ కలిసి పెట్టినది. ఫ్యాక్టరీ వండలూరు దగ్గర. వాన్‌గార్డ్ తయారు చేశారు, తర్వాత స్టాండర్డ్ టెన్, పెన్నెంట్ వచ్చాయి. 1961 నుంచి హెరాల్డ్. కలకత్తాకు అంబాసిడర్, బొంబాయికి ఫియట్ ఎలాగో మన మద్రాసుకు హెరాల్డ్ అలాగ. మన పెద్దవాళ్ళలో చాలామంది మొదట ఎక్కిన కారు అదే.

దాన్ని గీసినవాడు ఇటలీకి చెందిన జోవాన్నీ మికెలొత్తి. ఇంగ్లండులో 1959లో విడుదలైంది. దాని ఆకారం వెనక ఒక తమాషా ఉంది. అప్పటికి వేరే కార్లన్నీ ఒకే పెట్టెలా వెల్డింగు చేసిన బాడీలకు మారిపోతున్నాయి. స్టాండర్డ్ వాళ్ళకు బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీవాళ్ళు కొనేశారు. గత్యంతరం లేక పాత పద్ధతిలోనే కింద ఒక ఛాసిస్, దాని మీద బోల్టులతో బిగించే ముక్కలుగా కారు చేశారు. వాళ్ళ ఇబ్బంది మనకు మేలైంది. పెద్ద పెద్ద ప్రెస్సులు లేని దేశంలో ముక్కలు బిగించి కారు చేయడం తేలిక. బానెట్టు మొత్తం ముందుకు వాలుతుంది, చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఇరవై ఐదు అడుగుల వెడల్పులో గిర్రున తిరుగుతుంది. మా ఊరి సందుల్లో ఈనాటి కార్లు మూడుసార్లు వెనక్కీ ముందుకీ వేస్తే ఇది ఒక్క చుట్టులో తిరిగేస్తుంది.

అదే ఛాసిస్‌ను పొట్టి చేసి, 1147 సీసీ ఇంజను, రెండు కార్బురేటర్లు పెట్టి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే చిన్న స్పోర్ట్స్ కారు చేశారు. హెరాల్డ్ చక్రాల మధ్య దూరం 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌ది 83. గేరుపెట్టె, డిఫరెన్షియల్, వెనక ఆక్సిళ్ళ పద్ధతి ఇంచుమించు ఒకటే. అందుకే ప్రపంచంలో స్పిట్‌ఫైర్ నడిపేవాళ్ళు ఏ శబ్దాల గురించి తల పట్టుకుంటారో, మన హెరాల్డు వాళ్ళూ వాటికే తల పట్టుకున్నారు.

ఆ ఆక్సిళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, శబ్దం పుట్టింది అక్కడే. అంబాసిడర్‌లో వెనక ఆక్సిల్ ఒక మొద్దు గొట్టం, డిఫరెన్షియల్ దాని నడుమ ఉండి చక్రాలతో పాటే ఎగిరెగిరి పడుతుంది. హెరాల్డ్‌లో అలా కాదు. డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని రెండు పక్కల నుంచి రెండు షాఫ్టులు రెక్కల్లా ఊగుతాయి. పైన అడ్డంగా ఒకే ఒక్క కమాను కట్ట. రెక్క ఊగాలంటే మొదట్లో ఒక జాయింటు కావాలి కదా, దాన్నే మన షెడ్లలో "క్రాస్" అంటారు. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు క్రాసులు, పక్క షాఫ్టులకు ఒక్కొక్కటి, మొత్తం నాలుగు. ఒక్కో క్రాసుకు నాలుగు కప్పులు, కప్పుల్లో సూదుల్లాంటి సన్నటి రోలర్లు.

ఈ క్రాసు పాత వస్తువే. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్దానో పేరు దీనికి తగిలించారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దీని గుణం పసిగట్టాడు. వంపు తిరిగినప్పుడు ఇది సమంగా తిరగదు. ఇటు షాఫ్టు ఒకే వేగంతో తిరిగినా అటు షాఫ్టు ఒక చుట్టులో రెండుసార్లు ముందుకు దూకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. ఇరవై డిగ్రీల వంపులో ఆ తేడా అటూ ఇటూ ఆరు శాతం. రెండు క్రాసులు సరైన వరసలో ఉంటే ఒకదాని తప్పు ఇంకొకటి సర్దుతుంది. హెరాల్డ్ పక్క షాఫ్టుకు ఒక్కటే ఉంది, సర్దేవాళ్ళు లేరు. గుంతల రోడ్డులో రెక్కలు ఎంత ఊగితే ఆ సూదుల మీద అంత దెబ్బ. దానికి తోడు గ్రీజు పెట్టేవాడు లేక యాభై ఏళ్ళు.

ఇక మా తప్పు ఒప్పుకోవాలి. మాలో ఒకతను హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. కొత్త తరానికి తెలియకపోవచ్చు, మన కడంబత్తూరు పోస్టు అడ్రసుతోనే, అదిగత్తూరులో, 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ తయారైంది. మన దేశపు ర్యాలీల్లో దుమ్ము లేపిన లాన్సర్, సీడియా ఇక్కడి మట్టి మీద బిగించినవే. మన వైపు తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు సైకిలేసుకుని షిఫ్టుకు పోయేవాళ్ళు. తర్వాత కొన్నాళ్ళు ఇసుజు బండ్లు కూడా అక్కడే బిగించారు. 2016లో ఇసుజు సొంత ఫ్యాక్టరీ పెట్టుకుని సరిహద్దు దాటి శ్రీసిటీకి వెళ్ళింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చినప్పుడు మనవాళ్ళు సరిహద్దుకు ఇవతల ఉండిపోయారు. అరవై ఏళ్ళు నిండకముందే ఉద్యోగం సరిహద్దుకు అవతలకు పోయింది. మా వాడు మాత్రం ఇక్కడే ఉండిపోయాడు.

లాన్సర్ ముందు చక్రాలతో లాగే బండి. అందులో శబ్దమంటే మొదట చూసేది చక్రం వైపు జాయింటు. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే "టకటకటక" అంటే అదే. ఆ జాయింటులో క్రాసు ఉండదు, గాడిలో ఆరు ఉక్కు గోళీలుంటాయి. ఆల్ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు 1920ల్లో పేటెంటు చేశాడు. ఎంత వంపులోనైనా సమానంగా తిరుగుతుంది. 1959లో ఇంగ్లండులో మినీ కారు దాన్ని ఇంటింటికీ తెచ్చింది. మా వాడు ఆ అలవాటులో హెరాల్డ్‌లోనూ చక్రం వైపే చూశాడు. హబ్ బేరింగు అన్నాడు. ఒక ఆదివారమంతా ఎడమ చక్రం విప్పి చూశాం. బేరింగు బంగారంలా ఉంది. శబ్దం అలాగే ఉంది.

అప్పుడు మావాళ్ళు ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చారు. జనరల్ ప్యాటర్స్ రోడ్డు వెనక షెడ్లలో నలభై ఏళ్ళు హెరాల్డులు, గెజెల్‌లు బాగుచేసిన చెయ్యి. చెవి కాస్త మందం, బండి మీద అరచెయ్యి పెట్టి శబ్దం వింటాడు. పానా ముట్టుకోలేదు. "ముందు నడుపు నాయనా, విప్పేది తర్వాత" అన్నాడు.

ఆయన అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాం, పాత బండి ఉన్నవాళ్ళకు పనికొస్తాయి. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో వదిలితే గరగరమని, క్లచ్ తొక్కితే ఆగుతుందా? ఆగితే గేరుపెట్టె ముందు బేరింగులు. తొక్కితేనే మొదలవుతుందా? అయితే రిలీజ్ బేరింగు. మొదటి మూడు గేర్లలో మోగి నాలుగో గేరులో తగ్గుతుందా? నాలుగో గేరులో ఇంజను తిరుగుడు నేరుగా వెనక్కి పోతుంది, కింది లేషాఫ్టు మీద భారం పడదు, కాబట్టి అనుమానం దాని మీద. ఎడమకు తిప్పితే పెరిగి కుడికి తిప్పితే తగ్గుతుందా? చక్రం బేరింగు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు ఇంకో స్వరం పలికితే క్రౌన్ పినియన్. కదిలేటప్పుడు, వదిలేటప్పుడు ఒక్కొక్క దెబ్బ మాత్రమే పడితే ఎక్కడో సందు పెరిగింది, అంటే క్రాసు గానీ, డిఫరెన్షియల్ బిగింపు రబ్బర్లు గానీ. ఇంకో పరీక్ష కూడా చేశాడు. ఒకరిని క్లచ్ తొక్కమని, ఇంజను ముందున్న పుల్లీ ముందుకు జరుగుతోందా అని చూశాడు. ఈ ఇంజన్లలో క్రాంకు షాఫ్టు పక్క వాషర్లు అరిగితే అలా జరుగుతుందట, చూసుకోకపోతే ఇంజనే పోతుందట. అది బాగానే ఉంది.

మా బండి జవాబులన్నీ రెండు చోట్లకే వచ్చాయి. దెబ్బ వేరు, ఊళ వేరు. పట్నం షెడ్డువాళ్ళు రెండింటినీ కలిపి ఒక జబ్బు అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

వెనక చక్రాలు లేపి, బండి కింద బలమైన స్టాండులు పెట్టి, పెద్దాయన ఒక చేత్తో డిఫరెన్షియల్ ఫ్లాంజి, ఇంకో చేత్తో కుడి షాఫ్టు పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పాడు. ఫ్లాంజి కదలదు, షాఫ్టు కదులుతుంది. టార్చి వేస్తే కప్పు అంచున ఎర్రటి పొడి, కుంకుమలాగ. గ్రీజు ఎండిపోయి సూదులు అరిగి తుప్పు పొడిగా రాలుతోంది. ఎడమది కూడా మొదలైంది. ప్రొపెల్లర్ షాఫ్టువి రెండూ బాగున్నాయి.

తీయడం ఒక పూట పని. చక్రం, బ్రేకు పైపు, షాక్ అబ్జార్బరు, పక్క రాడ్డు విప్పాలి. కమాను కట్ట చివరి బోల్టు తీసేటప్పుడు హబ్ కింద జాకీ లేకపోతే కట్ట విదిల్చి చెయ్యి విరుగుతుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత హబ్‌తో సహా షాఫ్టు బయటికొస్తుంది. సర్క్లిప్పులు తీసి, వైసులో రెండు సాకెట్ల మధ్య పెట్టి నొక్కితే కప్పులు దిగుతాయి. ఒక కప్పులో సగం సూదులు లేవు, నల్లటి ముద్ద ఉంది. కొత్త క్రాసులు కోసం పుదుపేట అంతా తిరిగాం. బండి పేరు చెప్తే లేదంటారు. వెర్నియర్‌తో కప్పు వ్యాసం, పొడవు కొలిచి అంకెలు చెప్తే మూడో కొట్టులో తీసిచ్చారు. రెండు క్రాసులూ, రానుపోను రైలు ఖర్చూ కలిపినా ఆ క్రౌన్ పినియన్ అంచనాలో ఒక మూలకు రావు.

ఊళ సంగతి. డిఫరెన్షియల్ పక్క ప్లగ్గు తీస్తే నూనె అందలేదు. పినియన్ సీలు దగ్గర కారి కారి సగానికి దిగింది. ఇందులో పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, హైపాయిడ్ అంటారు, మామూలు నూనె ఆ ఒత్తిడికి నిలబడదు. దానికని చేసిన ఈపీ 90 పోసి, సీలు మార్చాం. మా సలహాదారుల్లో ఒకరు మిగిలిన నూనె గేరుపెట్టెలోనూ పోసేయమన్నారు. పెద్దాయన కసిరాడు. గేరుపెట్టెలో ఇత్తడి రింగులుంటాయి, డిఫరెన్షియల్ నూనె వాటికి పడదు.

పని జరుగుతున్నంతసేపూ ఆయన షోలవరం కబుర్లు చెప్పాడు. మన జిల్లాలోనే, యుద్ధకాలపు విమానాల పట్టీ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు రేసులు పెట్టేది. పల్లెల నుంచి జనం విరగబడేవాళ్ళు. హెరాల్డులు అక్కడ చిన్న కార్ల పందెంలో పరిగెత్తాయి. రెక్క ఆక్సిల్ బండిని మలుపులో హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది, అది తెలిసినవాడే అక్కడ నిలబడ్డాడట. కోయంబత్తూరు కరివర్ధన్‌ను ఆయన అక్కడే చూశాడట. మారుతి ఇంజనుతో ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు చేసి కుర్రాళ్ళకు రేసింగు అందుబాటులోకి తెచ్చిన మన తెలుగుబిడ్డ, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. 1990లో రేసులు శ్రీపెరుంబుదూరు పక్క ఇరుంగాట్టుకోట్టకు మారాయి. ఆయన అక్కడికి ఒక్కసారి కూడా పోలేదట. ఎందుకని అడిగితే, "అక్కడ జనాన్ని కంచె అవతల నిలబెడతారు" అన్నాడు.

అమావాస్య రోజు పొద్దున్నే బయల్దేరాం. క్లచ్ వదిలినప్పుడు దెబ్బ లేదు. ఊళ తగ్గింది గానీ పోలేదు, పళ్ళ మీద అరుగుడు మిగిలింది కదా. యాభై దాటించవద్దని, నెలకోసారి నూనె చూడమని పెద్దాయన చెప్పాడు. అమ్మగారు ముందు సీట్లో కూర్చుని తిరువళ్ళూరు దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. గుడి చెరువు దగ్గర దిగి, ఆ సన్నటి శబ్దం ఆయన ఉన్నప్పుడూ వచ్చేదిరా అన్నారు. మాలో ఎవరికీ ఏం అనాలో తోచలేదు. బండి అమ్మడం లేదని ఆమె కొడుకు అక్కడే చెప్పాడు.

షోలవరం రేసుల ఫోటోలు గానీ, హెరాల్డ్ వర్క్‌షాప్ పుస్తకం గానీ మీ ఇళ్ళల్లో ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురండి, కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. ఎడమ వైపు క్రాసు కూడా మార్చేశాం కాబట్టి దాని గురించి అడగొద్దు. అదిగత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి, వచ్చే పోస్టు ఆ ఫ్యాక్టరీ గురించే.