బ్లాంక్ చెక్ కంపెనీ: నిధుల సేకరణ, నగదు నిర్వహణ

బ్లాంక్ చెక్ కంపెనీకి ఫ్యాక్టరీ ఉండదు, సరుకు ఉండదు, అమ్మకాలు ఉండవు. ఏదో ఒక ప్రైవేటు కంపెనీని వెతికి తనలో విలీనం చేసుకోవడం, ఆ దారిన దాన్ని స్టాక్ మార్కెట్‌కు చేర్చడం ఒక్కటే దాని పని. ఏ కంపెనీని కొంటుందో వాటాలు అమ్మేనాటికి చెప్పదు. అమెరికాలో దీన్ని స్పెషల్ పర్పస్ ఎక్విజిషన్ కంపెనీ అంటారు, పొట్టిగా స్పాక్. 2021 ఒక్క ఏడాదిలోనే అక్కడ 600కు పైగా స్పాక్‌లు పబ్లిక్ ఇష్యూకు వచ్చి 16,000 కోట్ల డాలర్లకు పైగా పోగుచేశాయి. పైసా అమ్మకం లేని కంపెనీ రెండేళ్లు ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు జవాబు దాని ఖాతాల్లోనే ఉంది. మదుపుదారులు ఇచ్చిన డబ్బు ఒక ఖాతాలో తాళం వేసి ఉంటుంది. కంపెనీ నడిచేది మరో ఖాతాలోని డబ్బుతో.

ఈ విభజన ఊరికే రాలేదు. 1980లలో అమెరికాలో చిల్లర ధర షేర్ల పేరుతో బ్లాంక్ చెక్ కంపెనీలు పెట్టి జనం సొమ్ము కాజేసిన మోసాలు లెక్కలేనన్ని. వాటిని అరికట్టడానికి 1990లో చట్టం వచ్చింది. ఆ తర్వాత అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 419వ నిబంధన తెచ్చింది. ఇష్యూలో వచ్చిన సొమ్మును విడిగా భద్రపరచాలని, 18 నెలల్లో కొనుగోలు పూర్తికాకపోతే తిరిగిచ్చేయాలని దాని సారాంశం. 1993లో డేవిడ్ నస్‌బామ్ అనే బ్యాంకరు, డేవిడ్ మిల్లర్ అనే న్యాయవాది అలాంటి రక్షణలనే ఒప్పంద పత్రాల్లో రాసుకుని స్పాక్ నమూనాను తయారుచేశారు.

డబ్బు ఎలా వస్తుందో 20 కోట్ల డాలర్ల ఇష్యూను ఉదాహరణగా తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కంపెనీని పెట్టేవారిని స్పాన్సర్ అంటారు. స్పాన్సర్ మొదట 25,000 డాలర్లు కట్టి 50 లక్షల వ్యవస్థాపక షేర్లు తీసుకుంటాడు. షేరుకు అర సెంటు పడుతుంది. ఇష్యూ అయ్యేదాకా ఖర్చులకు ఒక ప్రోనోటు రాయించుకుని కొన్ని లక్షల డాలర్లు అప్పిస్తాడు. తర్వాత 2 కోట్ల యూనిట్లు ఒక్కొక్కటి 10 డాలర్ల చొప్పున జనానికి అమ్ముతారు. యూనిట్ అంటే ఒక షేరు, దానితోపాటు వారంట్‌లో సగమో, మూడో వంతో. పూర్తి వారంట్ ఉన్నవారికి విలీనం తర్వాత 11.50 డాలర్లకు ఒక షేరు కొనే హక్కు ఉంటుంది. ఇష్యూ ముగిసేసరికి 25,000 డాలర్లు పెట్టిన స్పాన్సర్ చేతిలో మొత్తం షేర్లలో 20 శాతం ఉంటుంది.

ఇష్యూ నడిపే బ్యాంకులకు ఇచ్చే కమీషన్ మామూలుగా 5.5 శాతం. అందులో 2 శాతం, అంటే 40 లక్షల డాలర్లు, వెంటనే ఇవ్వాలి. మిగతా 3.5 శాతం, అంటే 70 లక్షలు, విలీనం జరిగితేనే అందుతుంది. ఆ 40 లక్షలను జనం డబ్బులోంచి తీస్తే 10 డాలర్లకు 10 డాలర్లు భద్రంగా ఉన్నాయని చెప్పడం కుదరదు. అందుకని స్పాన్సర్ ప్రైవేటుగా మరికొన్ని వారంట్లు కొంటాడు. ఈ లెక్కలో 60 లక్షల డాలర్లకు కొన్నాడనుకుందాం. 40 లక్షలు బ్యాంకులకు పోగా మిగిలిన 20 లక్షలతోనే న్యాయవాదులు, ఆడిటర్లు, లిస్టింగ్ ఫీజు, డైరెక్టర్ల బీమా, కొనుగోలుకు తగిన కంపెనీ వేట, అన్నీ గడవాలి. స్పాన్సర్ నిజంగా పణంగా పెట్టే సొమ్ము ఈ 60 లక్షలే. ఒప్పందం కుదరకపోతే ఆ వారంట్లు, వ్యవస్థాపక షేర్లు చిత్తుకాగితాలవుతాయి. కాబట్టి విలీనానికి పెట్టుకున్న గడువు, మామూలుగా రెండేళ్లు, దగ్గరపడేకొద్దీ మంచి కంపెనీ కోసం ఆగడం కన్నా ఏదో ఒక కంపెనీతో ఒప్పందం ముగించడమే స్పాన్సర్‌కు లాభంగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటులోని అసలు లోపం ఇక్కడే ఉంది.

జనం ఇచ్చిన 20 కోట్లు ట్రస్ట్ ఖాతాలోకి వెళ్తాయి. ఎక్స్ఛేంజీల నిబంధన ప్రకారం కనీసం 90 శాతం అక్కడ ఉంచాలి. ఆచరణలో నూటికి నూరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంచుతారు. ఆ సొమ్మును 185 రోజులకు మించని అమెరికా ట్రెజరీ బిల్లుల్లో గానీ, ప్రభుత్వ పత్రాల్లో మాత్రమే మదుపు చేసే మనీ మార్కెట్ ఫండ్లలో గానీ పెడతారు. వచ్చిన వడ్డీలోంచి పన్నులు కట్టుకోవచ్చు. కంపెనీని మూసేయాల్సి వస్తే అందుకయ్యే ఖర్చుకు సాధారణంగా లక్ష డాలర్ల దాకా తీసుకోవచ్చు. కంపెనీకి సేవలందించే వారి దగ్గర ట్రస్ట్ సొమ్ముపై తమకు హక్కు లేదని ముందే రాయించుకుంటారు.

వడ్డీ రేటు ఈ చిత్రాన్ని ఎంత మార్చిందో చూడాలి. 2021లో ట్రెజరీ బిల్లులపై రాబడి దాదాపు సున్నా. 0.05 శాతం లెక్కన 20 కోట్లకు ఏడాదికి లక్ష డాలర్లు వస్తుంది. 2023లో అదే రాబడి 5 శాతం దాటింది. అదే సొమ్ముకు ఏడాదికి కోటి డాలర్లు. ఈ వడ్డీతోనే ఒక చిక్కు కూడా ఉంది. ఏళ్ల తరబడి బిల్లులు పట్టుకుని కూర్చున్న కంపెనీని 1940 నాటి చట్టం కింద పెట్టుబడి కంపెనీగా లెక్కగట్టవచ్చన్న వాదన బలపడింది. దాంతో ఇష్యూ జరిగి రెండేళ్లు కావస్తుండగా చాలా స్పాక్‌లు బిల్లులు అమ్మేసి సొమ్మును బ్యాంకు డిపాజిట్లలోకి మార్చాయి.

ట్రస్ట్ చుట్టూ ఉన్నంత కాపలా బయటి ఖాతాకు లేదు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన ఆఫ్రికన్ గోల్డ్ ఎక్విజిషన్ కార్పొరేషన్‌లో ఆర్థిక వ్యవహారాల అధిపతే నిర్వహణ ఖాతాలోంచి 12 లక్షల డాలర్లకు పైగా తన ఖాతాకు మళ్లించుకుని, బ్యాంకు స్టేట్‌మెంట్లు దిద్ది కప్పిపుచ్చాడు. 2023 జనవరిలో కమిషన్ అతనిపై కేసు పెట్టింది. అతను నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. పన్ను కోసమని ట్రస్ట్ నుంచి తీసిన వడ్డీని రోజువారీ ఖర్చులకు వాడినట్టు తమ నివేదికల్లో చెప్పుకున్న స్పాక్‌లూ ఉన్నాయి.

బయటి ఖాతా అడుగంటితే స్పాన్సర్ మళ్లీ అప్పిస్తాడు. ఇందులో 15 లక్షల డాలర్ల దాకా వారంట్లుగా మార్చుకునే వీలు చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. విలీనం జరగకపోతే ఆ అప్పు తీర్చడానికి ట్రస్ట్‌ను ముట్టుకోకూడదు. ఈ దశలో కంపెనీ ఇకపై కొనసాగగలదా అన్న సందేహాన్ని ఆడిటర్లు వార్షిక నివేదికలో నమోదు చేయడం మామూలైపోయింది. గడువు పొడిగించాలంటే వాటాదారుల ఓటు కావాలి. అందుకోసం స్పాన్సర్ నెలనెలా ట్రస్ట్‌లో కొంత జమచేస్తానని మాటిస్తాడు. పొడిగింపు ఓటుకు వచ్చినప్పుడూ, విలీనం ఓటుకు వచ్చినప్పుడూ మదుపుదారు తన షేరు అప్పగించి ట్రస్ట్‌లోని తన వాటా తీసుకుని పోవచ్చు. 2023 నుంచి అమెరికాలో నమోదైన స్పాక్‌లకు ఇలా చెల్లించే సొమ్ముపై 1 శాతం ఎక్సైజ్ పన్ను బెడద కూడా తోడైంది.

మన ఉదాహరణకు తిరిగొస్తే, ఒక్కరూ వెళ్లిపోకపోయినా 20 కోట్లలో వాయిదా కమీషన్ 70 లక్షలు పోతే 19.3 కోట్లు మిగులుతాయి. దాన్ని స్పాన్సర్ షేర్లతో కలిపి 2.5 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 7.72 డాలర్లు. 80 శాతం మంది డబ్బు తీసుకుని వెళ్తే 4 కోట్లే మిగులుతాయి. కమీషన్ పోను 3.3 కోట్లను 90 లక్షల షేర్లకు పంచితే షేరుకు 3.67 డాలర్లు. వెళ్లిపోయినవారికి 10 డాలర్లు అందుతాయి. నమ్మి ఉండిపోయినవారి షేరు వెనక ఉండే నగదు మాత్రం ఇంతే. ఈ వ్యత్యాసాన్ని వాటాదారులకు స్పష్టంగా చెప్పలేదన్న ఆరోపణతో గిగ్‌క్యాపిటల్3 స్పాక్ స్పాన్సర్, డైరెక్టర్ల మీద వేసిన దావాను 2023 జనవరిలో డెలావేర్ కోర్టు విచారణకు అనుమతించింది. 2024 జనవరిలో కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, ఎంతమంది వెళ్లిపోతే వాటా విలువ ఎంత పలచబడుతుందో పట్టిక వేసి చూపించాలంది. ఈ పని ఎప్పుడో జరగాల్సింది.

ఖాళీ అయ్యే ట్రస్ట్‌ను పూడ్చడానికి విలీనం వేళ సంస్థాగత మదుపుదారుల నుంచి విడిగా పెట్టుబడి తెస్తారు. 2021 ఆగస్టులో నాస్‌డాక్ చేరిన భారత సంస్థ రెన్యూ పవర్ ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని విలీనం చేసుకున్న ఆర్‌ఎంజీ-2 స్పాక్ ట్రస్ట్‌లో ఉన్నది 34.5 కోట్ల డాలర్లయితే, విడిగా వచ్చిన పెట్టుబడి 85.5 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా గాలిమరల విద్యుత్ కేంద్రాలున్న ఈ సంస్థ అమెరికా మార్కెట్‌కు చేరిన దారి ఇదే. అంతకుముందు 2015లో వీడియోకాన్ డీ2హెచ్, 2016లో యాత్ర కూడా స్పాక్‌ల ద్వారానే వెళ్లాయి.

విలీనం కుదరకపోతే డబ్బు వెనక్కి ఇచ్చేయడమన్నది కాగితం మీది హామీ మాత్రమే కాదని అమెరికా హెడ్జ్ ఫండ్ అధిపతి బిల్ ఆక్‌మన్ స్పాక్ చూపించింది. పర్షింగ్ స్క్వేర్ టాంటైన్ అనే ఆ స్పాక్ 2020 జూలైలో 400 కోట్ల డాలర్లు సేకరించింది. ఆక్‌మన్ చవకగా 20 శాతం వాటా తీసుకోలేదు. స్పాన్సర్ వారంట్లకు దాదాపు 6.5 కోట్ల డాలర్లు చెల్లించాడు. 2021లో యూనివర్సల్ మ్యూజిక్‌లో 10 శాతం కొనబోతే కమిషన్ అభ్యంతరాలతో అది ఆగింది. మరో ఒప్పందం దొరక్క 2022 జూలైలో ట్రస్ట్ సొమ్మంతా వాటాదారులకు తిరిగిచ్చేశారు.

భారత్‌లో ఇలాంటి కంపెనీకి దేశీయ చట్టం కింద చోటు లేదు. స్థాపించిన ఏడాదిలోగా వ్యాపారం మొదలుపెట్టని కంపెనీ పేరును రిజిస్ట్రార్ కొట్టేయవచ్చని 2013 కంపెనీల చట్టం 248వ సెక్షన్ చెబుతుంది. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలో మాత్రం 2021 నిబంధనలు స్పాక్ లిస్టింగ్‌కు దారి తెరిచాయి.