టంకం వాసనలో కంట్రీ పాట

న్యూజిలాండ్‌లోని హాబ్సన్‌విల్‌ది బంకమన్ను నేల. వాన కురిస్తే నీరు ఇంకదు, వరి మడిలో నిలిచినట్టు నిలుస్తుంది. 1854లో అక్కడ భూమి తీసుకున్న రైస్ ఓవెన్ క్లార్క్ అనే రైతుకు ఇదే పెద్ద తలనొప్పి అయింది. నీరు బయటికి పోవడానికి గొట్టాలు కావాలి. కొనడానికి అవి దొరకవు. తనను విసిగిస్తున్న మన్నునే మలిచి, కాల్చి, గొట్టాలు చేసుకున్నాడు. పొరుగువాళ్లు చూసి మాకూ చేసిపెట్టమన్నారు. ఆ కుటుంబం తర్వాతి తరాల్లో ఇటుకలు, పైపులు చేసింది. న్యూజిలాండ్ ఇళ్లలో అందరికీ తెలిసిన క్రౌన్ లిన్ పింగాణీ కూడా ఆ వంశం నుంచే వచ్చింది.

ఆక్లండ్‌కు వాయవ్యాన, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఈ ఊరు 1920ల చివర వైమానిక స్థావరమైంది. నీటి మీద వాలే పెద్ద పెద్ద ఎగిరే పడవలు అక్కడికి వచ్చేవి. ఇప్పుడు ఆ చోట కొత్త ఇళ్లు వరుసగా లేచాయి. కాటలీనా, సండర్లాండ్ అనే ఆ విమానాల పేర్లు మాత్రం అక్కడ ఇంకా వినబడతాయి. అలాంటి ఊళ్లో ఎవరైనా రాత్రిపూట గరాజులో కూర్చుని, కంట్రీ పాటలకు కావలసిన మోతలన్నీ పలికే, కాలితో తొక్కే డబ్బాను సొంతంగా చేసుకుంటే, దాన్ని వట్టి కాలక్షేపమని కొట్టిపారేయలేం. గిటార్ శబ్దాన్ని మార్చే ఈ పెడళ్ల చరిత్ర చాలా వరకు ఇలా అవసరానికి చేసుకున్న వస్తువుల చరిత్రే. అందులో కంట్రీ సంగీతం వాటా మనం అనుకునేదానికంటే ఎక్కువ.

కంట్రీ అంటే టోపీ, గుర్రం, కల్తీ లేని చెక్క గిటార్ అని ఒక బొమ్మ మన మనసులో ఉంటుంది. రాక్ సంగీతానికి గుర్తుగా చెప్పుకునే ‘ఫజ్’ అనే గరగర శబ్దం మాత్రం కంట్రీ పాటలోనే పుట్టింది. మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ని అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బాస్ గిటార్ మీద సోలో వాయించాడు. శబ్దాన్ని అందుకునే యంత్రంలో ఒక ఛానెల్ అప్పుడే చెడింది. తీగ నాదం కందిరీగల తుట్టెను కదిపినట్టు వినిపించింది. ఇంకెవరైనా అయితే తిరిగి వాయించమనేవారు. వీళ్లు ఉంచేశారు. 1961లో ఆ పాట కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. మాకూ ఆ మోత కావాలని మిగతా వాయిద్యగాళ్లు అడగడం మొదలుపెట్టారు. చెడిన యంత్రం ఎల్లకాలం అదే తీరులో చెడి ఉండదు కదా! దాంతో ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ లోపాన్నే ట్రాన్సిస్టర్లతో తిరిగి నిర్మించాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని తీసుకుని 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ పేరిట అమ్మకానికి పెట్టింది. లోపల మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు చిన్న బ్యాటరీ సెల్లు, అంతే. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో వాడాక గానీ దాని పేరు ఊరూరా మోగలేదు.

ఎకో కథ కూడా ఇలాంటిదే. 1950ల తొలి ఏళ్లలో ఇలినాయ్ రాష్ట్రంలోని కైరో అనే చిన్న ఊళ్లో రే బట్స్ ఆంప్లిఫయర్ పెట్టెలోనే టేపును తిప్పి ప్రతిధ్వని పుట్టించాడు. గిటారిస్టు చెట్ ఆట్‌కిన్స్ ఒకటి కొన్నాడు. ఎల్విస్ ప్రెస్లీ పక్కన వాయించిన స్కాటీ మూర్ ఇంకోటి కొన్నాడు. బట్స్ చేసిన పెట్టెలు మొత్తం వందకు మించలేదు. శబ్దాన్ని ఊపే ట్రెమొలో పుట్టుక ఇంకా వింత. 1940ల నాటి డిఆర్మండ్ పరికరంలో చిన్న మోటారు ఒక సీసాలోని ద్రవాన్ని ఊపుతుంటే, దానితోపాటు గిటార్ నాదమూ ఊగేది.

న్యూజిలాండ్‌లో ఈ సరుకు కొనడం అంత తేలిక కాదు. 1938 చివర ప్రభుత్వం దిగుమతులకు లైసెన్సులు పెట్టింది. ఆ పట్టు 1980ల దాకా పూర్తిగా సడలలేదు. పర్మిట్ రాజ్యం చూసిన మన పెద్దవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. అమెరికన్ గిటార్ దొరకని చోట ఆక్లండ్‌లోని జాన్సెన్ కంపెనీ గిటార్లు, ఆంప్లిఫయర్లు చేసి అమ్మింది. ‘ఎనిమిదో నంబరు తీగ’ అని అక్కడొక నానుడి ఉంది. కంచెకు కట్టే ఆ తీగ ముక్కతో దేన్నయినా బాగుచేసుకోవచ్చని అర్థం. స్ప్లిట్ ఎంజ్ బృందంలో డ్రమ్స్ వాయించిన పాల్ క్రౌథర్ 1970ల నడుమ ‘హాట్ కేక్’ అనే పెడల్ చేశాడు. గిటార్ అసలు గొంతును నొక్కేయకుండా కొంచెం కారం తగిలించడం దాని గుణం. అలా ఆక్లండ్‌లో చేత్తో కూర్చిన ఆ డబ్బా ప్రపంచమంతా తిరిగింది.

ఇక ఆ గరాజు డబ్బా సంగతి. కంట్రీ కోసం ఒకే డబ్బాలో అన్నీ కూర్చాలంటే మొదట కంప్రెసర్. మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దాన్ని ఒకే మట్టానికి తెస్తుంది. కోడి కొక్కొక్కొమన్నట్టు తీగను గిల్లి వదిలే వాయింపు అది లేకపోతే చప్పగా ఉంటుంది. 1970ల నాటి డైనా కాంప్‌లో వాడిన సిఎ3080 చిప్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దాని దాయాదుల్ని వెతుక్కోవాలి. తర్వాత శబ్దానికి కారం తగిలించే ఓవర్‌డ్రైవ్ కొంచెం, ఆపైన ట్రెమొలో, చివర ఎకో. ఎకోకు చాలామంది వాడేది కరావొకే యంత్రాల కోసం తైవాన్‌లో రూపొందించిన పిటి2399. మన ఊళ్లలో ఆర్కెస్ట్రా గాయకుడు ‘హలో... లో... లో’ అని మైకు పరీక్షిస్తాడే, ఈ చిప్ పుట్టింది ఆ జాతి పనికే. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగితే ఇలాంటి చిప్పుల లెక్క చెప్పేవాళ్లు ఉంటారు. దాని ఆరో కాలికి కట్టిన రెసిస్టర్ విలువ మార్చితే ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా రావాలో మారుతుంది. సెకనులో పదో వంతు దగ్గర ఆపితే పాత రికార్డుల్లోని ‘స్లాప్‌బ్యాక్’ వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: డబ్బాకు తొమ్మిది వోల్టులు, ఆ చిప్‌కు అయిదే. మధ్యలో రెగ్యులేటర్ పెట్టడం మరిచిపోతే చిప్‌కు నూకలు చెల్లినట్టే.

ఇంత చేసినా కంట్రీ గిటార్ ప్రాణం తీగల జారులో ఉంటుంది. 1960ల చివర క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ అనే వాయిద్యగాళ్లు కలిసి గిటార్ లోపల మీటలు బిగించారు. భుజం పట్టీని లాగితే ఒక తీగ స్వరం పైకి సాగుతుంది. స్వరాలను జారుస్తూ పలికే పెడల్ స్టీల్ గిటార్ ఏడుపును మామూలు గిటార్ మీద రాబట్టడానికి పడిన పాట్లు అవి. తెలుగు చెవికి ఇది గమకం కోసం పడే ఆరాటంలా అనిపిస్తుంది. పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ కూడా జంట తీగల మాండొలిన్‌ను ఉన్నదున్నట్టుగా ఒప్పుకోలేదు. ఒంటి తీగలకు మార్చి, అయిదో తీగ చేర్చి, కరెంటు తగిలించి, గమకాలు పలికించాడు. ఆయనకు ఏ కంపెనీ కేటలాగులోనూ దొరకని వాద్యం అది.

టంకం వేయడం పూర్తయి, మూత బిగించి, మొదటిసారి స్విచ్ తొక్కితే ముందు వినిపించేది పాట కాదు, గుయ్యిమనే హమ్. భూమి తీగ ఎక్కడో సరిగా అతకలేదని అర్థం. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది కాబట్టి నాష్‌విల్ హమ్ శ్రుతి కొంచెం పైన ఉంటుంది. న్యూజిలాండ్‌లో 50 సార్లే, పాశ్చాత్య స్వరాల్లో జి కన్నా ఒక పిసరు ఎక్కువ. కోఠీలో మైకు సెట్ బాగుచేసేవాడు రోజూ వినే శ్రుతి కూడా అదే.