మొక్కల సారాలు – మందులకు లొంగని బ్యాక్టీరియా

ఆకు, బెరడు, వేరు, గింజల నుంచి నీటితోనో ఆల్కహాల్‌తోనో తీసిన సారాలు మొండి బ్యాక్టీరియా మీద ఎంతవరకు పనిచేస్తాయో పరీక్షించే పరిశోధన రంగం ఇది. వీటిని యాంటీబయోటిక్‌లకు ప్రత్యామ్నాయం అనడం వాడుకైపోయింది. ఇంతవరకు తేలినదాన్ని బట్టి చూస్తే ‘తోడు’ అనడమే సబబు. ఒళ్లంతా పాకిన బ్యాక్టీరియా జబ్బుకు ఒంటరిగా ఇచ్చి నయం చేసే మొక్కల యాంటీబయోటిక్ ఆధునిక వైద్యంలో వాడుకలోకి రాలేదు.

అవసరం మాత్రం పెద్దదే. పెన్సిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ కోసం 1959లో మిథిసిలిన్ తెచ్చారు. దానికీ లొంగని రకాలు 1961 నాటికే బ్రిటన్‌లో కనిపించాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా. ఈ కథలో హైదరాబాద్ శివారుకూ చోటుంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఎలాంటిదో ఊహించవచ్చు.

పంపును మూసే మొక్క

ఈ రంగంలో అన్నిటికన్నా వివరంగా తెలిసిన ఉదాహరణ బెర్బెరిన్. మానుపసుపు చెక్కకు పసుపు రంగును, చేదును ఇచ్చేది ఇదే. బ్యాక్టీరియా కణంలోకి చేరితే ఇది చంపగలదు. చిక్కల్లా లోపల నిలవడంలోనే ఉంది. స్టాఫిలోకాకస్ పొరలో నార్-ఎ అనే ప్రోటీన్ పంపు ఉంటుంది. పడవలోకి వచ్చిన నీళ్లను తోడి పారబోసినట్టు అది బెర్బెరిన్‌ను బయటికి నెట్టేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులనూ ఇదే పంపు తోడేస్తుంది.

బెర్బెరిన్‌ను తయారుచేసే బెర్బెరిస్ జాతి మొక్కల్లోనే మిథాక్సీహైడ్నోకార్పిన్ అనే మరో పదార్థం ఉందని అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందాలు 2000లో చూపించాయి. దానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. అది చేసేదల్లా నార్-ఎ పంపును మూసేయడం. అప్పుడు బెర్బెరిన్ కణంలో పేరుకుపోయి, మునుపటికన్నా చాలా తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది. సల్ఫోన్ మందులు రాకముందు కుష్ఠు రోగానికి వాడిన చాల్మోగ్రా నూనెలోనూ ఈ పదార్థం కొద్దిగా ఉంది. ఆ నూనెగింజల చెట్ల జాతి పేరు హైడ్నోకార్పస్ కావడం వల్లే దీనికీ ఆ పేరు వచ్చింది.

మొత్తం సారం బాగా పనిచేసి, దాన్నుంచి వేరుచేసిన ‘అసలు మందు’ నీరసంగా తేలడం ఈ పరిశోధనల్లో తరచూ ఎదురయ్యే సంగతి. దానికి ఒక కారణం ఇక్కడ దొరికింది. రేవల్చిన్నిలో ఉండే రైన్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు పొరల రక్షణ ఉన్న గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా మీద అది దాదాపు పనిచేయదు. పంపులను మూసే రసాయనాన్ని జతచేస్తే దాని శక్తి వంద రెట్లకు పైగా పెరిగినట్టు 2002లో కిమ్ లూయిస్ బృందం చూపింది.

మిరియాల్లోని పైపరిన్ కూడా నార్-ఎను అడ్డుకుంటుందని 2006లో జమ్మూ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన దేశంలో ఈ మార్గంలో మందుల షాపు దాకా వచ్చింది పైపరిన్ ఒక్కటే అనవచ్చు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్‌ను 450 మిల్లీగ్రాముల నుంచి 200కు తగ్గించి, 10 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపిన మాత్ర 2009లో విడుదలైంది. ఇక్కడ ముఖ్యంగా ఆశించింది మందు ఒంటికి ఎక్కువగా పట్టడం.

చంపకుండా కోరలు తీయడం

చంపే మందు ఏదైనా దాన్ని తట్టుకునే రకాలను మిగిల్చిపోతుంది. అందుకే కొందరు బ్యాక్టీరియా విషాన్ని ఆపితే చాలనే దారి పట్టారు. స్టాఫిలోకాకస్ కణాలు రసాయన సంకేతాలతో తమ సంఖ్య తెలుసుకుని, తగినంత మంది చేరాక విషం వదులుతాయి. దక్షిణ ఇటలీ పల్లెల్లో చర్మ వ్యాధులకు వాడే చెస్ట్‌నట్ ఆకుల సారం ఈ మంతనాలను తెంచుతుందని 2015లో ఎమరీ విశ్వవిద్యాలయంలో కసాండ్రా క్వేవ్ బృందం చూపింది. అదే ఏడాది పదో శతాబ్దపు ఇంగ్లిష్ కంటి మందొకటి కూడా వార్తల్లోకెక్కింది. వెల్లుల్లి, ఉల్లి జాతి దుంప, వైన్, ఎద్దు పైత్యరసం కలిపి తొమ్మిది రోజులు ఊరబెట్టే ఆ మందు, మిథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌ను ప్రయోగశాలలో చంపింది. వెల్లుల్లిలోని ఘాటు పదార్థం అల్లిసిన్‌ను 1944లోనే వేరుచేశారు. రెబ్బను నలిపితేనే అది పుడుతుంది, పుట్టాక ఎక్కువసేపు నిలవదు.

పళ్లెంలో గెలుపు, ఒంట్లో గెలుపు

కాలేజీ ప్రయోగశాలల నుంచి వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం, బ్యాక్టీరియాను పెంచే అగార్ పళ్లెంలో సారం చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలిచి ఆగిపోతాయి. అగార్‌లో బాగా పాకే పదార్థం పెద్ద వలయాన్ని ఇస్తుంది. నూనె లాంటిది, ఎంత శక్తి ఉన్నా, చిన్న వలయమే ఇస్తుంది. పైగా యాంటీబయోటిక్ మైక్రోగ్రాముల్లో చేసే పనికి చాలా సారాలకు మిల్లీగ్రాములు కావాలి. అంత మోతాదు రక్తంలోకి చేరదు. పసుపులోని కర్‌క్యుమిన్ ఇందుకు మంచి పాఠం: అది నిలకడగా ఉండదు, పేగుల నుంచి సరిగా ఒంటికి పట్టదు, పరీక్షల్లో తప్పుడు ఫలితాలకూ దారితీస్తుంది. పసుపు మీద మనకున్న మమకారం ఈ లెక్కను మార్చలేదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు కొన్నే. ఆస్ట్రేలియా టీ ట్రీ నూనెను మిథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌ను మోస్తున్నవారి మీద పరీక్షించిన ఫలితాలు 2004లో వచ్చాయి. మొత్తమ్మీద అది మామూలు చికిత్సకు దగ్గరగానే నిలిచింది. చర్మం మీద బాగా పనిచేసినా, ముక్కులోని బ్యాక్టీరియాను తొలగించడంలో మామూలు చికిత్సలో వాడే ముపిరోసిన్ ముందు తేలిపోయింది. మూత్రకోశ ఇన్ఫెక్షన్‌కు బేర్‌బెర్రీ ఆకు మందిచ్చిన జర్మనీ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. యాంటీబయోటిక్ వాడకం తగ్గింది, కాని బాధ ఎక్కువగా ఉంది, కిడ్నీకి పాకిన కేసులూ ఎక్కువయ్యాయి.

ఆకు మందు కదా, హాని ఏముంటుంది అనే ధీమా కూడా నిలవదు. పాముకాటుకు వాడుతూ వచ్చిన ఈశ్వరి తీగలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. మందును ఒంటికి ఎక్కువ పట్టించే పైపరిన్ మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ మోతాదునూ రక్తంలో పెంచుతుంది.

ఇక సరఫరా. దక్షిణాదిలో మానుపసుపుగా కొనే తీగ నెమ్మదిగా ఎదుగుతుంది. అడవుల్లో విచ్చలవిడిగా నరకడంతో అది అరుదైపోయింది. హిమాలయాల్లో పెరిగే బెర్బెరిస్ పొదల చెక్కా అదే పేరుతో అమ్ముడవుతుంది. బెర్బెరిన్ వల్ల రెండూ పచ్చగానే ఉంటాయి కాబట్టి, కొట్లో చెక్కను చూసి ఏది ఏదో చెప్పడం కొన్నవాడికే కాదు, అమ్మేవాడికీ కష్టమే.