రుఫైదా (రజి) గుడారం నుండి హకీమాల పాఠశాల వరకు

ముస్లిం సమాజంలో రోగుల పరిచర్యను గురించి ప్రసంగాలు జరిగినప్పుడెల్లా హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) పేరు వినబడుతుంది. హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627) కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) బాణం దెబ్బ తిన్నప్పుడు, ఆయనను మదీనా మస్జిదులోని గుడారంలో ఉంచవలసిందిగా దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ గుడారం రుఫైదా (రజి)దని తొలి చరిత్రకారుడు ఇబ్నె ఇస్‌హాఖ్ తెలిపాడు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధయాత్రలలో వెంట ఉండి వంట చేశారు, గాయపడినవారికి చికిత్స చేశారు. ఇవన్నీ మనకు గర్వకారణమైన విషయాలే. అయితే ఇంత గొప్ప ఆరంభం గల ఈ సేవ, స్త్రీలకు ఒక క్రమబద్ధమైన విద్యగా, హోదాగల వృత్తిగా ఎప్పుడు రూపొందినది? అందుకు అడ్డుపడినదేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకినప్పుడే గర్వానికి అర్థముంటుంది.

మధ్యయుగపు ముస్లిం నగరాలలో ఆసుపత్రులకు కొరత లేదు. దమస్కులో నూరుద్దీన్ జంగీ 1154లోను, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లోను నెలకొల్పిన ఆసుపత్రులు ప్రసిద్ధమైనవి. ఖలావూన్ ఆసుపత్రిలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు విభాగాలుండేవి. సేవకులుగా పురుషులను, స్త్రీలను కూడా నియమించి, వక్ఫ్ ఆదాయం నుండి జీతాలిచ్చేవారు. కాని ఒక విషయం గమనించవలసి ఉన్నది. 931లో ఖలీఫా ముఖ్తదిర్ బగ్దాదులో వైద్యం చేసేవారిని పరీక్షించవలసిందిగా సినాన్ బిన్ సాబిత్‌ను ఆజ్ఞాపించాడు. ఆ పరీక్ష వైద్యులకే. రోగి పక్కన రాత్రింబవళ్ళు మేల్కొని ఉండే పరిచారకులకు కాదు. వారి సేవకు జీతమున్నది గాని, విద్యకు కొలమానం లేదు.

ఆ లోటును తీర్చే ప్రయత్నం ఈజిప్టులో జరిగినది. పాలకుడు ముహమ్మద్ అలీ కొలువులో ఫ్రెంచి వైద్యుడు క్లోట్ బే 1827లో అబూ జాబల్ అనే చోట వైద్య పాఠశాలను స్థాపించాడు. సైన్యంలో సుఖరోగాలు, ఇళ్ళలో మశూచి విజృంభిస్తున్న రోజులవి. పురుష వైద్యుడు జనానాలోకి ప్రవేశించలేడు. అందువల్ల 1832లో అక్కడే స్త్రీలకు ప్రత్యేక పాఠశాల తెరవబడినది. అందులో చదివిన వారిని 'హకీమా' అని పిలిచేవారు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేర శిక్షణాలయం ఏర్పడినది 1860లో, అనగా దీనికి 28 సంవత్సరాల తరువాత.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్లవుతుంది. పాఠశాల తెరిచినప్పుడు తమ కుమార్తెలను పంపడానికి కుటుంబాలు ముందుకు రాలేదు. చివరకు బానిసల బజారులో పదిమంది సూడానీ, హబషీ బాలికలను కొని తొలి విద్యార్థినులుగా చేర్చవలసి వచ్చినది. ఆ తరువాత అనాథ బాలికలు, సైనికుల కుమార్తెలు చేరారు. రుఫైదా (రజి) పేరును గౌరవంతో తలచుకొనే సమాజంలోనే ఆమె మార్గంలో నడిచే అవకాశం, తమ ఇష్టాయిష్టాలను చెప్పుకొనే స్వేచ్ఛ కూడా లేని బాలికల పాలైనది. ఈ చేదు నిజాన్ని దాచడం న్యాయం కాదు.

ఆ బాలికలు మాత్రం తమకు అప్పగించిన బాధ్యతను నిలబెట్టారు. చదువు ఆరేళ్ళు. మొదటి రెండేళ్ళు అరబీ చదవడం, వ్రాయడం. తరువాత నాలుగేళ్ళు కాన్పులు, గర్భిణుల సంరక్షణ, గాయాలకు కట్లు కట్టడం, టీకాలు వేయడం, జలగలు పట్టించడం, సాధారణ మందులు తయారుచేయడం నేర్పేవారు. ఉత్తీర్ణులైనవారికి సైన్యంలోని సెకండ్ లెఫ్టినెంట్ హోదా లభించేది. వారు పిల్లలకు మశూచి టీకాలు వేశారు. ఆసుపత్రిలో స్త్రీలకు చికిత్స చేశారు. మరణించిన స్త్రీల మృతికి కారణాన్ని నిర్ధారించారు. నేరవిచారణలలో స్త్రీలను పరీక్షించి నివేదికలిచ్చారు. అంటే వారు నర్సుకు, వైద్యునికి నడుమ గల ఒక స్థానాన్ని పొందారు. 1882లో బ్రిటిష్ ఆక్రమణ తరువాత ఆ విద్య కుదించబడినది. హకీమా స్థాయి క్రమంగా నర్సు, మంత్రసాని స్థాయికి దిగిపోయినది. శిక్షణ తగ్గినప్పుడు అధికారం, హోదా కూడా తగ్గుతాయనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన దేశంలో నర్సింగ్ విద్యకు 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం ప్రమాణాలు కల్పించినది. నేడు ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. ఆపైన ఎం.ఎస్సీ. కూడా కలదు. గ్రామాలలో టీకాలు వేసే ఏ.ఎన్.ఎం. నుండి కళాశాలలో బోధించే అధ్యాపకురాలి వరకు ఇది మెట్లు మెట్లుగా సాగే మార్గం. తన ఇంటి ఆడవారికి ఆసుపత్రిలో స్త్రీయే సేవ చేయాలని కోరే తండ్రి, తన కుమార్తె ఆ చదువుకు వెళ్తానన్నప్పుడు తటపటాయిస్తే ఆ కోరిక ఎవరి బిడ్డల వల్ల తీరాలి? 1832లో కైరో కుటుంబాలు ఈ ప్రశ్నకు ఇతరుల బిడ్డలను చూపాయి. మనం ఏమి చెబుతామో ఆలోచించుకోవలసి ఉన్నది.